రెండో చరణం

పొద్దున పళ్ళు తోముకుంటుంటే వచ్చిందా పాట,
నలభై ఎనిమిదేళ్ళ పాత బాకీ తీర్చేవాడిలా.
సగం చేతిలో పెట్టి
మిగతా సగం మాట ఎత్తకుండా వెళ్ళిపోయింది.

*రాగి రంగు రాత్రీ, ఓ రాగి రంగు రాత్రీ,
నా వాటా వెలుగు ఎవరికి పంచావు?*
అంతే. ఆపైన వట్టి గిటార్,
కందిరీగల తుట్టె కదిపినట్టు.

ఆ రోజుల్లో కిట్వేలో పూర్తిగా చీకటి పడేది కాదు.
కొలిమి వాళ్ళు కరిగిన చిట్టెం నల్లగుట్ట మీద ఒంపితే
మా నర్సుల హాస్టల్ గోడలు ఎర్రబడేవి.
ఆ వెలుగులోనే కసూబా
నా బెల్‌బాటమ్‌ని ఇంకో జానెడు వెడల్పు చేసింది,
ఆసుపత్రి పరదా గుడ్డ వేసి.
ఏ వార్డు పరదానో ఇప్పటికీ చెప్పను.

శనివారం మైన్ క్లబ్బులో ఐదుగురు కుర్రాళ్ళు.
ముందురోజు భూమి అడుగున ఉన్నవాళ్ళే,
చెవి మడతల్లో ఇంకా దుమ్ము,
కాళ్ళకి టైరు ముక్కలంటించి ఎత్తు చేసిన బూట్లు.
పేరు 'మూడో షాఫ్ట్'.
ఒకే ఒక్క రికార్డు వేశారు.
ఒక వానాకాలమంతా రేడియో అదే పాడింది.
తర్వాత రాగి ధర పడింది, రొట్టె ధర లేచింది,
క్లబ్బు కుర్చీలు ఒక్కొక్కటే
ఎవరి ఇళ్ళకో నడిచి వెళ్ళాయి.

మినీబస్సులో సిగ్గు విడిచి పాడాను.
టమాటా బుట్ట ఒళ్ళో పెట్టుకున్నావిడ అందుకుని
సరిగ్గా నేను పడ్డ గుంటలోనే పడింది.
డ్రైవరు నోటితో గిటార్ వాయించాడు,
చేతులతో కూడా వాయించబోతే
బస్సంతా దేవుణ్ణి పిలిచింది.
మంగలి సిచోనే, "నేనప్పటికి పుట్టలేదమ్మా,
మా నాన్న గడ్డం గీసుకుంటూ వేసే ఈల అది" అని
వేసి చూపించాడు.
తప్పు. కానీ ఆ తప్పులో
ఎవరో గడ్డం గీసుకుంటున్న చప్పుడుంది.

చివరికి సంతలో లామెక్ కపంప దొరికాడు,
మూడో షాఫ్ట్‌లో బాస్ వాయించినవాడు.
ఎడమ చేతి రెండు వేళ్ళు గని బెల్టు తినేసింది.
ఇప్పుడు ఫోన్ చార్జర్లు, తాళాలు అమ్ముతున్నాడు.

"రెండో చరణమా? లేదు కదా!
రాసేలోపే స్టూడియో గంట అయిపోయింది.
మావాడు లలలా అని ఏదో కూశాడు,
దాని మీద గిటార్ పోసి కప్పెట్టేశాం."

లేదంటాడేమిటి?
రెండేళ్ళు రాత్రి డ్యూటీల్లో
వరండా పొడుగూతా పాడానే ఆ మాటలు!
నిలబడ్డ చోటే నిలబడి,
తాళాల వరస వంక చూస్తూ ఉండిపోయాను.
అప్పుడు వచ్చింది.
పాటగా కాదు, ముందు గొంతుగా వచ్చింది,
జలుబు చేసిన కసూబా గొంతు:

*పెద్ద నర్సమ్మ వెతుకుతోంది పరదా ఏదని,
నా కాళ్ళ మీద నాట్యమాడుతోంది చూడవే.*

నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో విరిగింది.
ఏడో వార్డు. చెప్పేశాను.
తొంభై మూడులో, ఆ జబ్బు రోజుల్లో,
తను పడుకున్నదీ ఆ వార్డులోనే.
గ్లూకోజ్ సీసా మార్చింది నేనే.
అప్పుడు నాకు ఏ పాటా గుర్తు రాలేదు.
ఎవరైనా ఒక్క ముక్క అందించి ఉంటే
పాడేదాన్నేమో. ఏమో.

"పాడు," అన్నాడు లామెక్,
"ఆ లేని చరణం. బాస్ నాకు గుర్తుంది."
రేకు బల్ల మీద మూడు వేళ్ళు మొదలుపెట్టాయి.
లేని రెండు వేళ్ళ చోట
చిన్న ఖాళీ విడిచి, మళ్ళీ అందుకుంటూ.
నాకు శ్రుతి లేదు, ఎప్పుడూ లేదు.
పాడాను.

ఎవరో కుర్రాడొచ్చి
తాళం ఎంత అని అడిగాడు.
లామెక్ తలెత్తలేదు,
వేస్తూనే ఉన్నాడు.